కడియం మీద చిలుము

నాగూర్ అనే మనిషి ఇసుకలోంచి తీసిన వస్తువులు తళతళా మెరిసేవి. గురువారం గురువారం వాటిని దర్గా వరండాలో చాప మీద పరిచేవాడు. వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకునేవాళ్ళు, పనితనమంటే నీదేనయ్యా అనేవాళ్ళు. కాని "ఇది మాది" అని చెయ్యి చాచి తీసుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. అదీ అతని బాధ.

ఆ వస్తువులన్నీ ఆ వచ్చినవాళ్ళవే. వేరే ఎవరివీ అయ్యే వీల్లేదు. ఇప్పుడు ఇసుక మేట కనిపిస్తున్న చోట ఒకప్పుడు పాతపాలెం అనే ఊరుండేది. ముప్పై ఏళ్ళు దాటింది, ఉప్పెన వచ్చి ఒక్క రాత్రిలో ఊరిని తుడిచిపెట్టేసింది. మిగిలినవాళ్ళు సముద్రానికి దూరంగా జరిగి కొత్తపాలెం కట్టుకున్నారు. పాత ఊళ్ళో నిలిచింది మెరక మీదున్న దర్గా ఒక్కటే.

దర్గాలో ఉండే హజరత్ మదారు షా ఆ రోజుల్లో పడవ నడిపే మనిషి. ఉప్పెన రాత్రి దర్గా స్తంభానికి మోకుతాడు కట్టి, రెండో కొస నీళ్ళలోకి విసిరి, కొట్టుకుపోతున్నవాళ్ళని లాగారు. కొందరు అందారు, కొందరు అందినట్టే అంది జారిపోయారు. తెల్లవారేసరికి మోకు ఆయన కుడి అరచేతిని లోతుగా కోసేసింది. ఆ మచ్చ ఇప్పటికీ నల్లగా, తాడు పేటల గుర్తులతో సహా ఉంది. ఆయన మళ్ళీ పడవ ఎక్కలేదు. దర్గా ఊడ్చుకుంటూ అక్కడే ఉండిపోయారు. మనసు బాగాలేనివాళ్ళు వచ్చి ఆయన పక్కన కాసేపు కూర్చుని వెళ్ళడం మొదలుపెట్టారు. అలా కూర్చుని లేచినవాళ్ళే ఆయన్ని హజరత్ అన్నారు. ఆయన అవునూ అనలేదు, కాదూ అనలేదు.

నాగూర్ ఆ ఊరివాడు కాదు. పట్టాళంలో మందుపాతరలు వెతికి తీసే పని చేసి ఇంటికొచ్చినవాడు. వచ్చాక కూడా అడుగు వేసే ముందు నేల చూసుకోవడం మానలేకపోయాడు. పెళ్ళివారింట్లో తివాచీ మీద కాలు పెట్టడానికి జంకితే చుట్టాలు నవ్వారు. ఆ నవ్వు భరించలేక హజరత్ దగ్గరికొచ్చి, తనకేదైనా దారి చూపమని అడిగాడు.

"నీకేం వచ్చు?" అన్నారు హజరత్.

"భూమిలో ఇనుమెక్కడుందో చెప్పగలను."

"అయితే చెప్పు," అని ఆయన ఇసుక వైపు చెయ్యి చూపించారు.

అలా చూపించడానికి కారణం ఉంది. ఏరు సముద్రంలో కలిసే చోటు ఈమధ్య పక్కకి జరిగింది. పాత ఊరి మీది ఇసుక కొంచెం కొంచెంగా కొట్టుకుపోతోంది. గొళ్ళేలు, తలుపు బందులు, వలలకు కట్టే సీసపు గుళ్ళు పైకి తేలుతున్నాయి. కొత్తపాలెం పెద్దలు రెవెన్యూ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడి, దొరికినవాటిని ఎవరివి వాళ్ళకి ఇచ్చేలా ఒప్పించుకున్నారు. వెతకడం వచ్చిన మనిషి లేక ఆగారు.

నాగూర్ మెటల్ డిటెక్టర్ కొని తెచ్చుకున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని, పొద్దెక్కకముందే ఇసుక మీదికి దిగేవాడు. ఇనుము మీదికి పోతే మిషను గరగరలాడుతుంది, ఇత్తడికి కాస్త తేలిక పడుతుంది, వెండికి సన్నగా పలుకుతుంది. ఇన్నేళ్ళూ ఆ చప్పుడు వింటే గుండె ఆగిపోయినంత పనయ్యేది. ఇప్పుడు అదే చప్పుడుకి మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తోడుతున్నాడు. కొన్నాళ్ళకి రాత్రిపూట నిద్ర కూడా పట్టసాగింది.

మట్టిగడ్డలా వచ్చినదాన్ని చేత్తో తూచి చూసి, ఇది కుట్టుమిషను చక్రం, ఇది లాంతరు మూత, ఇది పడవ మేకు అని చెప్పేసేవాడు. చాలావరకు నిజమయ్యేది. ఆ తర్వాత శుభ్రం చెయ్యడం మొదలయ్యేది. అతని ప్రాణమంతా అందులోనే ఉండేది. ఇనుముని కిరసనాయిల్లో నానబెట్టేవాడు. ఇత్తడినీ రాగినీ చింతపండు, ఉప్పు, ఇటుక పొడి వేసి, వాళ్ళమ్మ పండక్కి ముందు బిందెలు తోమినట్టు తోమేవాడు. వెండికి కుంకుడు రసం. సొట్టలుంటే చెక్క సుత్తితో లోపల్నుంచి కొట్టి సరిచేసేవాడు. చిలుమనేది కంటికి కనపడితే అతనికి నిద్ర పట్టదు.

జనం వచ్చేవాళ్ళు. ఒక్కొక్క వస్తువూ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ఏదో గుర్తుచేసుకోబోయి, మళ్ళీ చాప మీద పెట్టేసేవాళ్ళు. నిన్న కొట్లో కొన్నట్టుందయ్యా అని వీరాస్వామి అనే ముసలాయన ఒక చెంబుని చూసి అన్నాడు. నాగూర్ దాన్ని పొగడ్త కిందే తీసుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం నాగూర్ ఒక గంగాళం మూత తోముతూ ఆ సంగతి హజరత్ దగ్గర ఎత్తాడు. తన వెతకడంలో లోపం లేదు, తోమడంలో లోపం లేదు, మరి సొంతదారులే సొంత సొమ్ముని ఎందుకు గుర్తుపట్టరని అడిగాడు. వాళ్ళకి మతిమరుపు వచ్చిందేమో అని కూడా అన్నాడు.

హజరత్ వచ్చి తోముడు గిన్నె ముందు గొంతుక్కూర్చున్నారు. కుడి అరచెయ్యి చాచారు.

"దీన్ని కూడా శుభ్రం చెయ్యి."

నాగూర్ నవ్వాడు. ఆయన నవ్వకపోయేసరికి ఊరుకుని, గుడ్డని చింతపండు నీళ్ళలో ముంచి మెల్లిగా ఆ మచ్చ మీద రాశాడు.

"ఇది పోదు హజరత్."

"ఇటుక పొడి వెయ్యి."

"వేస్తే తోలు ఊడొస్తుంది. మచ్చ మాత్రం పోదు."

హజరత్ సరే అన్నట్టు తల ఊపి, చెయ్యి కడుక్కుని, నమాజుకి లేచి వెళ్ళిపోయారు. నాగూర్ కాసేపు ఆలోచించాడు. పెద్దాయనకి ఆ చెయ్యి సలుపుతోంది కాబోలు, పైకి చెప్పలేక అలా అడిగారు అనుకున్నాడు. ఆ సాయంత్రం కొబ్బరినూనె వెచ్చచేసి తెచ్చి, ఆయన అరచేతికి శ్రద్ధగా మర్దనా చేశాడు. హజరత్ ఏమీ అనకుండా చేయించుకున్నారు. భూమిలో నాలుగడుగుల లోతున ఉన్న ఇనుముని పసిగట్టే మనిషి, ముక్కుకింద ఉన్నదాన్ని ఇలాగే దాటిపోయాడు.

చాప దగ్గరికి ఒక్క గురువారం కూడా తప్పకుండా వచ్చే మనిషి నాంచారమ్మ. కొత్తపాలెంలో చిరిగిన వలలు బాగుచేస్తూ బతుకుతోంది, అరవై దాటింది. ఉప్పెన రాత్రి ఆమె చేతిలోంచి నాలుగేళ్ళ కూతురు జారిపోయింది. పిల్ల పేరు బుల్లెమ్మ. శవం దొరకలేదు. దొరకనివాళ్ళు ఊళ్ళో చాలామందే ఉన్నారు, వాళ్ళందరికీ దర్భలతో బొమ్మలు చేసి కర్మలు జరిపించారు. నాంచారమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ఆ తెల్లవారి ఒక లాంచీ కొందరు పిల్లల్ని ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి పోయిందని ఎవరో అన్నారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె ఏళ్ళ తరబడి అనాథాశ్రమాల చుట్టూ తిరిగింది. భర్త పోయేముందు కూడా పిల్లకి నీళ్ళు వదులుదామని బతిమాలాడు. ఆమె వదలనివ్వలేదు.

బతికున్న పిల్లకి నీళ్ళొదిలితే అంతకంటే పాపం లేదని ఆమె భయం. చచ్చిపోయిన పిల్లకి వదలకపోతే, ఆ పిల్ల ఎక్కడ ఆకలితో తిరుగుతోందో అని ఇంకో భయం. ఈ రెండు భయాల మధ్య మనిషి సగమైపోయింది. ఒకసారి చాప పక్కన కూర్చుని నాగూర్‌తోనే అంది.

"ఉంటే ఉన్నట్టు తెలియాలి, పోతే కూర్చుని ఏడవాలి. ఏదో ఒకటి ఉండాలి గదయ్యా మనిషికి."

ఆ మాట నాగూర్‌కి గుచ్చుకుంది. అప్పట్నుంచి మిషను పట్టుకున్నప్పుడల్లా ఆమె గుర్తొచ్చేది. అందరికీ వెతికినా, లోపల్లోపల ఆమె కోసమే వెతికేవాడు.

హజరత్ చెయ్యి చాచిన వారంలోనే పాత ఊరి చివర, ఏటి వైపు, మిషను సన్నగా పలికింది. మోచేతి లోతు తోడితే చేతికి ఒక చిన్న వలయం తగిలింది. నల్లగా, పచ్చగా, ఇసుక కరుచుకుపోయి ఉంది. చూడగానే తెలిసింది, అది చిన్నపిల్లల కాలి కడియం. నాసిరకం వెండి, రాగి ఎక్కువ కలిపినట్టున్నారు, అందుకే అంత చిలుము పట్టింది. నాగూర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కదల్లేదు. ఇంత చిన్న కాలు ఎలా ఉంటుందో అతనికి తెలుసు, అతనికీ పిల్లలున్నారు.

నాంచారమ్మకి అది అందంగా కనపడాలనుకున్నాడు. అదే అతను చేసిన పొరపాటు. కుంకుడు రసంలో నానబెడితే పైపైన నలుపు వదిలింది గాని చిలుము వదల్లేదు. దాని మీద అడ్డంగా సన్నటి గీతలు గట్టిపడి ఉన్నాయి. గోటితో గీకాడు, రాలేదు. చింతపండు గుజ్జులో ఇటుక పొడి కలిపి, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రుద్దాడు. గీతలు పోయాయి. రెండు కొసలా మొగ్గల్లాంటి నగిషీ బయటపడింది. ఎండలో పెడితే కళ్ళు జిగేలుమన్నాయి. గురువారం దాన్ని చాప మధ్యలో, ఒక తెల్లగుడ్డ పరిచి, దాని మీద పెట్టాడు.

నాంచారమ్మ దాన్ని దూరం నుంచే చూసింది. వచ్చి కూర్చుని, వెంటనే ముట్టుకోలేదు. కొంగుతో చేతులు తుడుచుకుని అప్పుడు తీసింది. బొటనవేలితో చుట్టూ తడిమింది. మళ్ళీ తడిమింది.

"ఇట్టాంటివి పాలెంలో సగం మంది పిల్లల కాళ్ళకుండేవయ్యా," అంది చివరికి. "కంసాలి అందరికీ ఒకే అచ్చులో పోసిచ్చాడు. మా బుల్లిదానికి వదులుగా చేయించా, పెద్దయినా సరిపోద్దని. జారిపోకుండా వలదారం చుట్టా. నూలుదారం, తుమ్మచెక్క రసంలో ఉడకేసింది. అది అంత తొందరగా చివికేది కాదు. దీని మీద అదేం లేదుగా."

కడియాన్ని మళ్ళీ తెల్లగుడ్డ మీద పెట్టేసింది. దానిది కాదులే అనుకుంటూ లేచింది. ఆ ముఖంలో దిగులుందో, పిల్ల ఇంకా ఎక్కడో ఉందన్న ఆశ ఉందో చెప్పడం కష్టం. రెండూ ఉన్నట్టే ఉన్నాయి.

నాగూర్‌కి ఒక్కసారిగా తట్టింది. గోటికి తగిలిన ఆ గీతలు ఇప్పుడు మళ్ళీ తగులుతున్నాయి. దారం చివికిపోయినా, దాని మీద పేరుకున్న చిలుము దాని ఆకారంలోనే గట్టిపడుతుందని అతనికి తెలియనిది కాదు. పట్టాళంలో తుప్పుపట్టిన డబ్బాల మీద గోనెపట్టా నేత గుర్తులు ఎన్నిసార్లు చూశాడు. ఆ గుర్తులు చూసే అది ఎవరు పాతిపెట్టిందో చెప్పేవాడు. ఇక్కడికొచ్చాక, వాళ్ళమ్మ తోమినట్టు తోమాలన్న యావలో, ఆ కళ్ళు ఎక్కడో పెట్టేశాడు.

అప్పుడు వీరాస్వామి చూసి పెట్టేసిన చెంబు గుర్తొచ్చింది. దాని అంచున లోతుగా సొట్ట ఉండేది, తనే సుత్తితో సరిచేశాడు. ఒక ఇత్తడి గరిటె కాడ మీద ఎవరో మేకుతో గీసుకున్న పిచ్చిగీతలుండేవి, అరగదీశాడు. ఒక తపేలా అడుగున మాడు నల్లగా కరుచుకుని ఉండేది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏది వండుకుంటూ ఉన్నారో ఆ మాడుకే తెలుసు, దాన్నీ వదల్లేదు. చాప మీద మెరుస్తున్న వస్తువుల వంక చూశాడు. ఒక్కదానికీ ముఖం లేదు.

జనం వెళ్ళిపోయాక కడియం పట్టుకుని హజరత్ ముందు కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు. చెప్పి, మనసులో ఉన్న అసలు మాట బయటపెట్టాడు. వెళ్ళి నాంచారమ్మతో దారం ఉండేదని చెప్పేస్తాను, అప్పుడు ఆమె ఏడ్చుకుని నీళ్ళొదులుకుంటుంది, ఆ మనిషికి ఇన్నాళ్ళ నరకం తప్పుతుంది అన్నాడు.

"దారం చూశావా?" అన్నారు హజరత్.

నాగూర్ తల దించుకున్నాడు. "గీతలు చూశాను. అవి దారమో, ఇసుక చారలో చూడలేదు. రుద్దుతున్నాను."

"అయితే అదే చెప్పు."

"అది చెప్తే ఆమెకేం ఒరుగుతుంది హజరత్? ఉందని తెలియదు, పోయిందని తెలియదు. పైగా తెలిసే దారిని నేనే చెరిపేశానని తెలుస్తుంది. నా ముఖం చూస్తుందా?"

హజరత్ కడియాన్ని అందుకున్నారు. తాడు పేటలు అచ్చుపడిన ఆ అరచేతిలో చిన్న కడియం పడుకుంది. ఆయన దాన్ని చూడలేదు, నాగూర్‌నే చూస్తూ కూర్చున్నారు. నాగూర్ ఆ అరచెయ్యి చూశాడు. చింతపండు నీళ్ళు రాసింది, శుభ్రం చెయ్యమంటే నవ్వింది, కొబ్బరినూనె పట్టుకొచ్చింది అన్నీ గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు. కడియం తీసుకుని లేచాడు.

మర్నాడు పొద్దున్నే కొత్తపాలెం వెళ్ళాడు. నాంచారమ్మ వాకిట్లో గుంజకి నైలాను వల తగిలించి, చిరుగులు అల్లుతోంది. కూర్చోమంటే కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"పెద్దమ్మా, నిన్న చూశావే ఆ కడియం. దొరికినప్పుడు దాని మీద అడ్డంగా సన్నటి గీతలుండేవి. దారం గుర్తులో కాదో నేను చూడలేదు. మురికనుకుని రుద్దేశాను."

ఆమె చేతిలో దారం చుట్టిన వల కండె ఆగింది. తిడుతుందని నాగూర్ ఎదురుచూశాడు, తిడితే బాగుండుననుకున్నాడు.

"ఎందుకు రుద్దావయ్యా?" అని మాత్రం అడిగింది.

"నీకు బాగా కనపడాలని."

ఆమె ముఖం పక్కకి తిప్పుకుంది. కాసేపటికి చెయ్యి చాచింది. అతను కడియం ఇచ్చాడు. ఆమె కళ్ళకి చూపు తగ్గి చాలాకాలమైంది, అందుకని గోటి కొసతో వెతకడం మొదలుపెట్టింది. వలలో తెగిన పోగు ఎక్కడుందో అలాగే వెతుకుతుంది. బయట వైపు నున్నగా జారిపోయింది. లోపలి వైపు నున్నగా జారిపోయింది. ఒక కొసన మొగ్గ కింద, మెడలాగా సన్నబడిన చోట, గోరు ఆగింది.

"ఇక్కడేదో గరుకుగా ఉంది. నా కళ్ళకి ఆనదు, నువ్వు చూడు."

నాగూర్ వెలుతురుకి తిప్పి చూశాడు. మొగ్గకీ కడ్డీకీ మధ్య ఇరుకులో పచ్చటి చిలుము మిగిలి ఉంది. గుడ్డ దూరక వదిలేసిన చోటు. ఇంకొంచెం ఓపికుంటే సూదితో దాన్నీ లాగేసేవాడే. ఆ చిలుములో పక్కపక్కనే సన్నటి గాళ్ళు, లోపలికి ఒత్తిన గీతల్లా, ఏటవాలుగా. చివర, ముడి కూర్చున్నట్టు చిన్న గుంట. ఈసారి అతను దాన్ని గోటితో కూడా ముట్టుకోలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. గాళ్ళున్నాయని, వాలుగా ఉన్నాయని, దారం గుర్తులాగే ఉందని. పాలెంలో ఇంకెవరైనా తమ పిల్ల కడియానికి దారం చుట్టి ఉండొచ్చు గదా, ఆ మాట కూడా అతనే అన్నాడు. ఆమె కండెలోంచి కొంచెం దారం తెంపి ఇచ్చి, చుట్టి చూడమంది. అతను చుట్టాడు. దారం గాళ్ళకి అడ్డంగా పడింది. విప్పి మళ్ళీ చుట్టాడు, మళ్ళీ అడ్డంగానే పడింది.

"కలవటం లేదు పెద్దమ్మా."

నాంచారమ్మ దారం అతని చేతిలోంచి తీసుకుంది. కడియాన్ని కుడిచేత్తో పట్టుకుని, ఎడంచేత్తో చుట్టడం మొదలుపెట్టింది.

"నాది ఎడమచేతి వాటం. చిన్నప్పుడు మా అమ్మ వాతలు పెట్టింది. అన్నం కుడిచేత్తో తినడం అలవాటు చెయ్యగలిగింది గాని, దారం పట్టించలేకపోయింది."

ఆమె చూడకుండానే చుడుతోంది. చూపు వాకిలి దాటి ఎక్కడో ఉంది. వేళ్ళు మాత్రం నిన్ననే చుట్టినట్టు, ఒక చుట్టు పక్కన ఒకటి ఒత్తుగా వేసుకుంటూ మొగ్గ దాకా వచ్చాయి. నాగూర్ వంగి చూస్తున్నాడు. మెడ దగ్గరికి రాగానే దారం తనంతట తాను గాడిలోకి దిగింది. తర్వాతి చుట్టు పక్క గాడిలోకి దిగింది. ఆమె ఎప్పటిలాగే ఎడమకి తిప్పి ముడేసింది. ముడి గుంటలో కూర్చుంది.

"కలిసిందా?" అంది, ఇంకా అటే చూస్తూ.

నాగూర్‌కి ముడి కనిపిస్తూనే ఉంది. అబద్ధమైనా చెప్పి ఈ మనిషిని ఏడిపిద్దామని నిన్న అనుకున్నాడు. ఇవాళ నిజం నోట్లో ఉండి బయటికి రావడం లేదు. ఆ మాట అన్న మరుక్షణం, అవతలి ఒడ్డుకి పోయిన లాంచీలోంచి ఒక పిల్ల లేకుండా పోతుంది. ఆ పిల్లని ఇన్నేళ్ళు బతికించుకున్న మనిషి ఎదురుగా కూర్చుని ఉంది.

"కలిసింది పెద్దమ్మా."

ఆమె కడియాన్ని రెండు చేతులా దగ్గరికి తీసుకుని వంగిపోయింది. ముందు చప్పుడేమీ లేదు. తర్వాత వచ్చిన ఏడుపు వినడానికి గుండె చాలదు. నాలుగేళ్ళ పిల్ల ఆ ఉదయమే పోయినట్టు ఏడ్చింది. పేరు పెట్టి పిలిచి ఏడ్చింది, ఆకలేసిందా అమ్మా అని అడిగి ఏడ్చింది. ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. ఆడవాళ్ళు ఆమె చుట్టూ కూర్చుని పట్టుకున్నారు. ఆపమని ఎవరూ అనలేదు. నాగూర్ వెళ్ళిపోకుండా వాకిట్లోనే నిలబడ్డాడు. అక్కణ్ణుంచి కదిలే అర్హత కూడా తనకి లేదనిపించింది.

మంచిరోజు చూసి సముద్రం ఒడ్డున బుల్లెమ్మకి నీళ్ళొదిలారు. కడియాన్ని కూడా నీళ్ళలో వేస్తావా అని ఎవరో అడిగితే, సముద్రానికి ఇవ్వాల్సింది ఎప్పుడో ఇచ్చేశానంది నాంచారమ్మ. దాన్ని దారంతో సహా కొంగున ముడేసుకుంది. తిరిగి వస్తూ దర్గా దగ్గర ఆగి, హజరత్‌కి దండం పెట్టి, నాగూర్‌ని ఒక మంచినీళ్ళ గ్లాసు అడిగింది. నీళ్ళు తాగి, గ్లాసు అతని చేతికే ఇచ్చి వెళ్ళింది.

నాగూర్ ఇటుక పొడి డబ్బా తీసుకెళ్ళి పారబోశాడు. ఇప్పుడతను దొరికినదాన్ని మంచినీళ్ళలో ముంచి, తుమ్మముల్లుతో ఇసుక మాత్రం రాల్చి ఊరుకుంటున్నాడు. దేని మీద ఏముందో ముందు చూస్తాడు, చూసినది తేలేదాకా చెయ్యి వెయ్యడు. చాప మీద ఇప్పుడన్నీ నల్లగా, పచ్చగా, వంకరటింకరగా ఉన్నాయి. నాగూర్‌కి బద్ధకం పట్టుకుందని కొత్తపాలెంలో అనుకున్నారు. ఒక గురువారం మత్స్యకారుడొకడు తాళంచెవి లోపలే విరిగిపోయిన తాళాన్ని ఎత్తి చూసి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయాడు. వీరాస్వామి కూడా వచ్చాడు. తోమిన చెంబుని మళ్ళీ ఒకసారి తీసి చూసి, మళ్ళీ పెట్టేశాడు. నాగూర్ వెళ్ళి సొట్ట సంగతి చెప్పాడు. అది మా నాన్న కోపంలో విసిరికొట్టిన సొట్ట అన్నాడు వీరాస్వామి. చెంబు తీసుకుని, ఆ అంచుని వేలితో వెతుక్కుంటూ వెళ్ళాడు.

సాయంత్రం హజరత్ వరండా ఊడుస్తున్నారు. నాగూర్ చాప చుట్టి మూల పెట్టి వచ్చి, ఆయన ఎదుట నిలబడ్డాడు.

"మిగిలినవాటిని జాగ్రత్తగానే చూస్తాను హజరత్. కాని నేను చెరిపేసినవి తిరిగి రావు. నాంచారమ్మ అడిగిన మాట, వీరాస్వామి వేలు, కళ్ళు మూస్తే అవే. లోపల చిలుములా పట్టుకుపోయింది. ఎన్ని నమాజులు చేసినా వదలడం లేదు. ఇది పోవాలంటే ఏం చెయ్యాలి?"

హజరత్ చీపురు ఆపారు. వరండా అంచున కూర్చుని, అతనికీ పక్కన చోటు చూపించారు. ఇద్దరూ ఇసుక వంక చూస్తూ కూర్చున్నారు. పొద్దు వాలిపోయింది. అప్పుడన్నారు.

"దాన్ని రుద్దకు."